శిశుసంరక్షణము: కంటికి గానరాని గాయము



ఈ శీర్షిక క్రింద ఇంతవరకు బిడ్డల యాహారమును గూర్చియు, జ్వరములను గూర్చియు, కాలినపుడును పడినపుడును చేయదగిన ప్రథమ చికిత్సను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నొక కష్టమైన విషయమును మీ ముందుంచుచున్నాను. దీనిని చదువుటకు మనస్సు వెనుదీయును. అయినను బిడ్డలున్న ప్రతి యింటను ఎవరో యొకరు దీని నెరిగియుండుట మేలు.

బిడ్డ మేడమెట్ల మీదనుండి జారిపడినను, మరుగుచున్న పులుసు మీద నొలుకబోసికొన్నను, కిరసనాయిలు నీళ్లనుకొని త్రాగినను మనము తక్షణమే ఆసుపత్రికి పరుగెత్తుదుము. పెద్ద ఆసుపత్రులలో అట్టివారిని చూచుటకు వేరుగా నొక విభాగముండును. జనులు దానిని క్యాజువాలిటీ యనియు, ఎమర్జెన్సీ యనియు పిలుతురు. అచ్చటి డాక్టరు మొదట ఊపిరి యాడుచున్నదా, రక్తము కారుచున్నదా, ఎముక విరిగినదా యని చూచును. అది న్యాయమే. కాని యా బిడ్డతో మరియొక గాయము గూడ వచ్చియుండవచ్చును. దానికి రక్తము లేదు, వాపు లేదు. ఎక్స్‌రేలో నది కానరాదు. మాటలచే, బెదిరింపులచే, అవమానముచే బిడ్డ మనస్సునకు గలిగింపబడు హింస యొకటి. చూడవలసినవారు చూడక, పెట్టవలసినవారు పెట్టక, ఓదార్చవలసినవారు ఓదార్చక విడిచివేయు నిరాదరణ మరియొకటి. ఈ రెంటిని గుర్తించుట యెట్లు, గుర్తించినవారు చేయవలసిన దేమి యనునదే నేటి విషయము.

ఇది మన పెద్దలెరుగని సంగతి కాదు. భాగవతములోని ధ్రువోపాఖ్యానమును వినని తెలుగు గృహిణి యుండదు. అయిదేండ్ల పసివాడు ఉత్తముని వలె తానును తండ్రి తొడపై గూర్చుండగోరెను. సవతితల్లియైన సురుచి వానిని గాయపరచినది చేతితో గాదు, మాటతో. తండ్రియగు ఉత్తానపాదుడు వినుచుండియు మిన్నకుండెను. ఆమె మాట హింస యైనచో ఆయన మౌనము నిరాదరణ. బాలుడు వెక్కివెక్కి యేడ్చుచు తల్లికడకు బోగా సునీతి వానిని తొడపై నెక్కించుకొనెను. జరిగినదానిని చూచినవారు ఆ వృత్తాంతము నామె కెరిగించిరి. చెప్పినవారెవరో కథలో పేర్లు లేవు. కాని వారు చెప్పకున్నచో ఆ తల్లికి బిడ్డ దుఃఖకారణము పూర్తిగా దెలిసియుండదు. చూచినవారు చూచినది చెప్పుటయే బిడ్డను గాపాడుటలో మొదటి మెట్టు. నేటి యీ వ్యాసమంతయు ఆ పేరులేనివారు చేసిన పనిని గూర్చియే.

ముందుగా నొక మాట. తల్లి యన్న తరువాత విసుగు రాకమానదు. పనుల యొత్తిడిలో నొకనాడు గట్టిగా కసరినంత మాత్రమున అది హింస యనిపించుకొనదు. సాయంకాలమునకు బిడ్డను దగ్గరకు దీసికొన్నచో ఆ నొప్పి మానిపోవును. హింస యనునది నిత్యకృత్యమైన నడవడి. దినదినమును “నీవు పుట్టకున్న బాగుండెడిది” అని దెప్పుట. “వాని కాలిగోటికి చాలవు” అని పదిమందిలో చిన్నబుచ్చుట. చీకటిగదిలో బెట్టి గడియ వేయుట. రోడ్డుమీద విడిచిపోదునని బెదరించుట. దినముల తరబడి పలుకరింపకుండుట. ఇంట జరిగిన ప్రతి కీడును ఒక్క బిడ్డ నెత్తినే వేయుట. భార్యాభర్తల తగవులో బిడ్డను రాయబారిగా, సాక్షిగా నిలుపుట. బిడ్డ కన్నులయెదుట తల్లిని కొట్టుట. ఇవియన్నియు నీ కోవలోనివే.

నిరాదరణ యన్నంతనే మనకు చింపిరి తలయు, మాసిన బట్టలును జ్ఞప్తికి వచ్చును. అవియు నుండవచ్చును. కాని పట్టు పరికిణీ కట్టిన బిడ్డకు గూడ నిరాదరణ కలుగవచ్చును. ఏడ్చినపుడు చేతికి సెల్‌ఫోను నిచ్చుట తప్ప, ఎందుకేడ్చుచున్నావని యడుగువారు లేని యిండ్లు కలవు. ఆ బిడ్డకు కడుపు నిండును, మనసు నిండదు.

ఇది ఎక్కడనో యొకచోట నుండు వింత యని యనుకొనవలదు. 2007లో భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించి యొక నివేదికను ప్రకటించినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము గూడ నందులో జేరియున్నది. ఇద్దరిలో నొకరు మానసిక హింసను అనుభవించితిమని చెప్పిరి. అట్టివారిలో నూటికి 83 మంది విషయమున ఆ హింసకు కారకులు తల్లిదండ్రులే. ఆడపిల్లలలో నూటికి 48 మంది తాము మగపిల్లలమై పుట్టియున్న బాగుండునని కోరుకొనిరి. ఈ కడపటి సంఖ్యను చదివిన పిమ్మట, ఆడపిల్ల వినుచుండగా మన నోట వెలువడు మాటలను మనమే యొకసారి తూచి చూచుకొనవలసియున్నది.

“మాటలే గదా, ఒంటికేమగును?” అని కొంద రందురు. ఒంటికేమగునో తెలుపు నిదర్శనము లున్నవి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1948లో, జర్మనీలో నాడు బ్రిటిషువారి యధీనమునందున్న ప్రాంతమున ఎల్సీ విడోసన్ అను ఆంగ్ల శాస్త్రవేత్త ఆహారమును గూర్చి పరిశోధన చేయుచుండెను. ఆమె రెండు అనాథాశ్రమములను ఎన్నుకొనెను. ఒక్కొక్కదానిలో సుమారు 50 మంది, 4 మొదలు 14 ఏండ్ల వయస్సు పిల్లలుండిరి. మొదటి ఆరు మాసములు రెండుచోట్లను ఒకే విధమైన రేషను ఆహారము. తరువాతి ఆరు మాసములు ఒక ఆశ్రమమువారికి మాత్రము అదనముగా రొట్టెయు, జాము, నారింజరసమును ఇచ్చిరి. ఆ పిల్లలు బాగుగా బరువు పెరుగుదురని యెవరైన ననుకొందురు. కాని జరిగినది విపరీతము. అదనపు తిండి లేని ఆశ్రమపు పిల్లలే ఎక్కువ పెరిగిరి.

కారణము వెదకగా తేలిన దేమనగా, సరిగా ఆ సమయముననే రెండవ ఆశ్రమపు పెత్తందారు ఈ మొదటి ఆశ్రమమునకు మారివచ్చెను. ఆమె మిక్కిలి కఠినురాలు. పిల్లలను తిట్టుటకు ఆమె భోజనసమయమునే యెన్నుకొనెడిది. అందరియెదుట ఒక్కొక్కరిని నిలువబెట్టి మందలించుచుండగా అన్నము చల్లారిపోయెడిది. పిల్లలు కన్నీరు గార్చుచు తినెడివారు. ఆమెకు ముద్దులైన 8 మంది పిల్లలు ఆమెతో గూడ మారివచ్చిరి. వారు మాత్రము చక్కగా పెరిగిరి. ఈ ఫలితములు 1951లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటింపబడినవి. కంచము ముందు కంటతడి పెట్టింపరాదను మన పెద్దల మాటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1967లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు ఇట్టిదే మరియొక విషయమును ప్రకటించిరి. వయస్సునకు దగినంత ఎత్తు ఎదుగని 13 మంది పిల్లలను వారు పరీక్షించిరి. మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి చెడినదేమో యని మొదట తోచెను. కాని యా పిల్లలను వారి యింటినుండి వేరుచేసి ఆదరించునంతనే, ఏ హార్మోను మందును ఇయ్యకుండగనే, వారు పెరుగసాగిరి. లోపము గ్రంథియందు గాదు, ఇంటియందు. కావున డాక్టరు బిడ్డ బరువును, ఎత్తును కొలిచి వ్రాసికొనుచున్నపుడు అది వ్యర్థపు తతంగమని విసుగుకొనరాదు.

ఇక ఆసుపత్రి అత్యవసర విభాగమునకు వత్తము. ఇంటి గడపలోపల జరుగునది పరులకు దెలియదు. బడిలో గూడ బిడ్డ దాచుకొనవచ్చును. కాని ప్రమాదము జరిగిన దినమున బిడ్డయు, వానిని బెంచువారును ఏ సిద్ధపాటును లేక పరుల కన్నుల ముందు నిలుతురు. నేర్పరియైన డాక్టరును, నర్సును అప్పుడు గాయమునే గాక మరి కొన్నింటిని గూడ గమనింతురు. వానిని మనమును ఎరిగియుండుట మంచిది.

మొదటిది కాలము. ఎప్పుడు కాలినది, ఎప్పుడు తెచ్చిరి? నిన్న ఉదయమున గాలిన చేతిని నేటి రాత్రి తెచ్చినచో నడుమ నేమి జరిగినదని యడుగుదురు. ఊరు దూరమై, బస్సు దొరకకపోవుట యొక కారణము. పట్టించుకొనకపోవుట వేరొక కారణము. ఇంతకుముందు చెప్పిన తేదీకి చూపింపక మానుటయు, వ్రాసిచ్చిన మందు వేయకుండుటయు, ఒకే బిడ్డ పలుమారులు ప్రమాదములతో వచ్చుటయు గూడ ఈ లెక్కలోనివే.

రెండవది చెప్పు వృత్తాంతము. తల్లి యొకటియు, తండ్రి మరియొకటియు జెప్పుచున్నారా? ఇంకను పాకుట నేర్వని పసికందు తానై మంచము మీదినుండి దుమికినదని చెప్పుచున్నారా? బిడ్డ నోరు తెరవబోగానే పెద్దవారు అడ్డువచ్చి తామే బదులు చెప్పుచున్నారా?

మూడవది బిడ్డ నడవడి. నొప్పి కలిగినపుడు తనవారి యొడిని వెదకుకొనుట బిడ్డకు సహజము. కొందరు బిడ్డలు సూది గ్రుచ్చినను ఏడువరు. కొయ్యబారి, కన్నులు మాత్రము త్రిప్పుచు పెద్దల ముఖములనే కనిపెట్టుచుందురు. కొందరు తల్లి చేయి చాపినను ముడుచుకొని పోదురు. మరికొందరు ముక్కు మొగమెరుగని నర్సు మెడను కౌగిలించుకొని విడువరు. పరీక్షలో నేమియు దేలని కడుపునొప్పితోను, తలనొప్పితోను, మానిపోయిన పక్క తడుపుట మరల మొదలిడుటతోను తరచుగా వచ్చు బిడ్డలు గూడ కలరు. పది పండ్రెండేండ్లు దాటిన పిల్లలు తమకు తామే హాని చేసికొని వచ్చినచో, “ఇంత మాత్రమునకేనా?” అని హేళన చేయక, ఆ మాత్రమునకు వెనుక ఎన్ని దినముల బాధ కలదో సావధానముగా నడిగి తెలిసికొనవలయును.

నాలుగవది పెద్దల నడవడి. బిడ్డ ఏడ్చుచుండగా ఓదార్చుచున్నారా, లేక “పీడ, దీనివలన నాకు పని చెడినది” అని నలుగురిలో నిందించుచున్నారా? బిడ్డను గూర్చి ఒక్క మంచి మాటయైన వారి నోట వచ్చుచున్నదా? అయిదవది దేహపోషణ. మానని గజ్జి, పేలు, పుచ్చి చీముపట్టిన పండ్లు, చలిలో పలుచని బట్ట, ఎముకలు దేలిన శరీరము.

ఇవియన్నియు గమనించియు ప్రయోజనము లేకపోయిన యొక యుదంతమును చెప్పుదును. ఇది ఇంగ్లండు దేశమున జరిగినది. విక్టోరియా క్లింబియే అను బాలిక ఆఫ్రికా ఖండములోని ఐవరీ కోస్టు దేశమున 1991లో బుట్టినది. మంచి చదువు చెప్పింతునని చెప్పి తండ్రితరపు బంధువగు నొక పెద్దామె ఆ బాలికను ఫ్రాన్సునకును, 1999 ఏప్రిల్‌లో లండనునకును దీసికొనిపోయెను. ఆ బాలికను పగటివేళ చూచుచుండిన యింటివారు ఆమె యొంటిమీది గురుతులను జూచి భయపడి 1999 జులై 14న ఆసుపత్రికి గొనిపోయిరి. మొదట చూచిన డాక్టరు అవి యెవరో చేసిన గాయములని యనుమానించెను. పై డాక్టరు అవి గజ్జి గోకుకొన్న గురుతులని నిర్ణయించెను. మరునాడే బిడ్డ యింటికి బంపబడెను.

పది దినములలో, జులై 24న, తలమీద వేడినీరు పడి కాలిన గాయముతో ఆ బాలికను వేరొక ఆసుపత్రికి దెచ్చిరి. దురద పోవుటకు తానే పోసికొన్నదని పెద్దామె చెప్పెను. బాలిక అక్కడ ఆగస్టు 6 వరకు నుండెను. నర్సులకు ఆమె మిక్కిలి చేరువ అయ్యెను. వార్డులో నవ్వుచు తిరుగాడుచుండెడిది. కాని పెద్దామె చూడవచ్చినపుడు ఆ బిడ్డ నిటారుగా నిలిచిపోయెడిది. భయముచే బట్టలలోనే మూత్రము విడిచినదియు నొక నర్సు చూచినది. వారిద్దరి నడుమ నున్నది యజమానురాలికిని దాసికిని నుండు సంబంధము వలె నున్నదని కొందరికి దోచినది. చూచిరి, అనుకొనిరి. కాని యిట్టివానిలో పెక్కు సంగతులు రోగి కాగితములలో వ్రాయబడలేదు. ఒక్కొక్కరు చూచిన ముక్క వారి వారి మనస్సులలోనే నిలిచిపోయినది. ముక్కలన్నియు గలిపి చూచినవారు లేరు. బాలిక మరల ఆ యింటికే పోయెను.

2000 ఫిబ్రవరి 25న విక్టోరియా మరణించెను. అప్పటికి ఆమెకు ఎనిమిదేండ్లు. దేహముమీద 128 గాయములు లెక్కకు వచ్చినవి. ఆ పెద్దామెకును, ఆమెతో గూడి యున్న పురుషునకును 2001లో శిక్ష పడెను. లార్డు లామింగు అధ్యక్షతను జరిగిన బహిరంగ విచారణ నివేదిక 2003 జనవరిలో వెలువడెను. ఆ బిడ్డను గాపాడుటకు 12 అవకాశములు చేజారినవని అందు తేల్చబడెను; 108 సిఫారసులు చేయబడెను. బుద్ధిపూర్వకముగా హాని చేసిరను శంక యున్న బిడ్డను, ఇకముందు ఎట్లు చూడవలయునో వ్రాతమూలకముగా నిర్ణయింపక ఆసుపత్రినుండి పంపరాదనునది వానిలో నొకటి. బిడ్డ భాష వేరైనచో దుబాసీని బెట్టి బిడ్డతోనే మాటలాడవలయుననునది మరియొకటి. ఈ రెండవది మనకును వర్తించును. ఒడిశానుండి తెలంగాణములోని ఇటుక బట్టీలకు వచ్చిన కూలివారి బిడ్డ ఆసుపత్రికి వచ్చినపుడు, వాని మాట దెలిసినవారెవరైన దగ్గర నున్నచో ముందుకు వచ్చి సాయపడుట గొప్ప యుపకారము. ఈ నివేదిక పిమ్మట 2004లో ఆ దేశమున బాలల రక్షణకై క్రొత్త చట్టము చేయబడెను.

అయినను ఒక హెచ్చరిక. పైన జెప్పిన గురుతులలో నొకటి కనబడినంతనే “ఇది దుర్మార్గపు తల్లి” యని తీర్పు చెప్పరాదు. గురుతు అడుగుటకు కారణము. శిక్షించుటకు కారణము గాదు. ఇంగ్లండులో వైద్యులకు మార్గదర్శక సూత్రములను వ్రాయు నైస్ అను సంస్థ 2009లో ఈ విషయమున ప్రకటించిన గ్రంథమున రెండు మెట్లు నిర్ణయించినది. ఇది గూడ కారణమై యుండవచ్చునని ఆలోచించుట మొదటి మెట్టు. బలమైన యాధారములతో అనుమానించుట రెండవ మెట్టు. పేదరికము నిరాదరణ గాదు. చింపిరి బట్టలతో వచ్చిన కూలితల్లి రాత్రియంతయు బిడ్డను భుజమున వేసికొని నడచి వచ్చియుండవచ్చును. పుట్టుకతోనే మాట, చూపు, స్పర్శ వేరుగా నుండు ఆటిజము వంటి స్థితిగల బిడ్డ ఓదార్పును స్వీకరింపకపోవచ్చును. భయముచే నిశ్చేష్టురాలైన తల్లి రాతివలె నిలిచియుండవచ్చును. ప్రసవము తరువాత మనోవ్యాధికి లోనైన స్త్రీకి బిడ్డను దగ్గరకు దీసికొను శక్తియే యుండదు. ఆమెకు గావలసినది నింద గాదు, చికిత్స. కావున డాక్టరు కొన్ని ప్రశ్నలు వేసినపుడు, “మమ్ములను దొంగలవలె చూచుచున్నారు” అని కోపగింపకుడు. ఆ ప్రశ్నలు అందరికిని వేయునవి. నిజము చెప్పువారికి వానివలన నష్టము లేదు. బిడ్డతో ఒంటరిగా మాటలాడుదుమని యడిగినను సమ్మతింపుడు.

ఇక మనము చేయదగినవి. ఆసుపత్రికి బిడ్డతో గూడ పిన్నియో, మేనత్తయో, అమ్మమ్మయో, పొరుగింటి యావిడయో వచ్చుట మన దేశాచారము. ఆ స్త్రీయే సునీతికి వార్త చెప్పినవారి స్థానమున నున్నది. ఇంట జరుగునది ఆమె చూచియుండును. “మనకెందుకు, సంసారములన్న తరువాత సవాలక్ష యుండును” అని యూరకుండుట సులభము. కాని డాక్టరుకు తెలియనిది ఆమెకు దెలియును. ఆమె నర్సును ప్రక్కకు బిలిచి, తాను కన్నులార జూచినది, చెవులార విన్నది, అంతమాత్రమే, పెంచక తగ్గింపక చెప్పవలయును. తేదీతో వ్రాసి యుంచుకొన్నచో మరియు మంచిది. “ఆమె రాక్షసి” యని వ్రాయవలదు. “మంగళవారము రాత్రి అన్నము పెట్టక వాకిట నిలిపిరి” అని వ్రాయవలయును. మొదటిది మన యభిప్రాయము, రెండవది సాక్ష్యము.

బిడ్డయే వచ్చి మీతో జెప్పినచో తొందరపడక వినుడు. “నిజమేనా? అట్లు చేసియుండరే” యని త్రోసివేయవలదు. మాటి మాటికి త్రవ్వి యడుగవలదు. ఎవరికిని చెప్పనని ఒట్టు వేయవలదు. ఆ యొట్టు నిలుపుకొన్నచో బిడ్డకు మేలు చేయజాలరు, తప్పినచో బిడ్డ నమ్మకము పోవును. “చెప్పి మంచి పని చేసితివి, ఇందులో నీ తప్పు లేదు, దీనిని సరిచేయగలవారికి చెప్పుదును” అను మూడు మాటలు చాలును.

చట్టము గూడ మనకు తోడున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 75వ సెక్షను ప్రకారము, తన సంరక్షణలోనున్న బిడ్డను హింసించి గాని, బుద్ధిపూర్వకముగా నిరాదరించి గాని అనవసరమైన శారీరక, మానసిక బాధను గలిగించువారికి 3 సంవత్సరముల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మనస్సునకు గలిగిన బాధను గూడ చట్టము లెక్కించుచున్నదని గమనింపుడు. రక్షణ కావలసిన బిడ్డల విషయము విచారించుటకు అధ్యక్షులొకరును, సభ్యులు నలుగురును గల బాలల సంక్షేమ సమితులను ఆ చట్టము జిల్లాలందు ఏర్పరచినది; సభ్యులలో నొకరైనను స్త్రీ యుండవలయును. డాక్టరు, నర్సు, ఆసుపత్రివారే గాక, సామాన్య పౌరులును, తుదకు ఆ బిడ్డయే గూడ సమితి నాశ్రయింపవచ్చును. ఎటు పోవలయునో తెలియనపుడు 1098 అను సంఖ్యకు ఫోను చేయుడు. దానికి రుసుము లేదు, రేయింబవళ్లు పనిచేయును. బిడ్డతో పాటు తల్లియు హింసకు గురియగుచున్నచో స్త్రీలకు 181 కలదు. మనోవేదనతో నున్నవారికి, పిల్లలకైనను పెద్దలకైనను, 2022లో ప్రారంభమైన టెలీమానస్ వారి 14416 కలదు. ఈ మూడు సంఖ్యలను వంటింటి క్యాలెండరు మీద వ్రాసి యుంచుడు.

బిడ్డ నింటినుండి వేరుచేయుటయే వీటి యుద్దేశ మని భయపడవలదు. బిడ్డకు సాధ్యమైనంత వరకు తన కుటుంబమే తగిన చోటని ఆ చట్టమే చెప్పుచున్నది. పెక్కు ఇండ్లలో కావలసినది తల్లికి కొంత విశ్రాంతి, తండ్రికి కొంత బుద్ధి, త్రాగుడునకు చికిత్స, అత్తమామల తోడ్పాటు. ఆ సాయము సమయమునకు అందవలెనన్న కష్టము బయటపడవలయును. గుట్టుగా నుంచిన పుండు మానదు.

మీ యింట నిట్టి నడవడి ప్రారంభమగుచున్నదని మీకే తోచినచో, చిన్న చిన్న పనులతో దిద్దుకొనవచ్చును. భోజనము వేళ మార్కుల ప్రస్తావన మానుడు. ఒక బిడ్డ నెదుట మరియొక బిడ్డను పొగడుట మానుడు. తప్పు చేసినపుడు చేసిన పనిని ఖండింపుడు, పుట్టుకను నిందింపకుడు. మాట జారినచో, “కోపములో అంటిని, అది నిజము కాదు” అని బిడ్డతో జెప్పుటకు సిగ్గుపడవలదు. దినమునకు పావుగంటయైనను ఫోను ప్రక్కన బెట్టి బిడ్డ చెప్పునది వినుడు. వినుటకు అలవాటుపడిన యింటిలో బిడ్డ తన నొప్పిని దాచడు.

ఈ విషయమున సోదరీమణులు తాము చూచినవానిని వ్రాసి పంపినచో, పేరును ఊరును ప్రకటింపక, నలుగురికి నుపకరించు భాగమును ఈ పుటలలో చేర్చుదుము. వచ్చు మాసమున, ఆసుపత్రిలో నుండవలసివచ్చిన పిల్లలకు తల్లి తోడుండుట యెంత యవసరమో విచారింతము.